సర్వర్ ఆసుపత్రిలోనా, క్లౌడ్‌లోనా? చిన్న నర్సింగ్ హోమ్‌ల కోసం ఒక పోలిక

హనుమకొండలో ముప్పై పడకల నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరుగారు ఒకరు ఆ మధ్య రెండు కొటేషన్లు నా ముందు పెట్టారు. ఒకటి, డేటా అంతా ఉంచే సర్వర్ అనే కంప్యూటర్‌ను కొని ఆసుపత్రిలోనే పెట్టుకునే సాఫ్ట్‌వేర్‌ది. రెండోది, ఆ డేటాను ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్లలో ఉంచి నెలనెలా చందా కట్టే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌ది. "ఏది చవక, ఏది భద్రం? రెండు ముక్కల్లో చెప్పు" అన్నారు. రెండు ముక్కల్లో చెప్పడం నా వల్ల కాలేదు. తిరిగి ఆయన్నే అడిగాను: "రేపు పొద్దున పదింటికి ఓపీ కిటకిటలాడుతుండగా కంప్యూటర్లన్నీ ఆగిపోయాయనుకోండి. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి ఏం చేస్తుంది?" ఆయన కాసేపు ఆలోచించి, "నాకు ఫోన్ చేస్తుంది" అన్నారు.

చాలా ఆసుపత్రుల్లో జవాబు ఇదే. అందుకే ఈ పోలికను తెర మీద కనిపించే హంగుల నుంచి కాకుండా ఆ పదింటి నుంచి మొదలుపెడుతున్నాను.

పదిహేనేళ్లుగా ఆసుపత్రుల కంప్యూటర్లు, నెట్‌వర్కులు చూసుకోవడం నా పని. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఎక్కువ. అప్పుడప్పుడు నర్సంపేట, పరకాల, జనగామ దాకా వెళతాను. సాఫ్ట్‌వేర్ అమ్మను, కమీషన్ తీసుకోను. పది నుంచి యాభై పడకల ఆసుపత్రులు, వాటిని ఆనుకుని ఉండే ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు నా దృష్టిలో ఉన్నాయి. వరంగల్‌లోని ఎంజీఎం లాంటి ప్రభుత్వ పెద్దాసుపత్రి లెక్కలు వేరు, అక్కడ నిర్ణయాలు తీసుకునే వాళ్లూ వేరు.

"తీయరాదు" అని రాసిన పెట్టె

కొన్నేళ్ల క్రితం ఒక మంగళవారం ఉదయం ఏడున్నరకు ఒక నర్సింగ్ హోమ్ మేనేజర్ ఫోన్ చేశారు. ఫార్మసీ కంప్యూటర్ తెరుచుకుంటోంది కానీ ఒక్క బిల్లూ తెరుచుకోవడం లేదట. వెళ్లి చూస్తే ప్రతి ఫైలు పేరు చివర ఏవో ఎనిమిది అక్షరాలు తోకలా అతుక్కుని ఉన్నాయి. ప్రతి ఫోల్డరులో ఒక చిన్న చీటీ: డబ్బు పంపితే తాళం చెవి ఇస్తామని. రిమోట్‌గా మరమ్మతు చేయడానికి ఎప్పుడో తెరిచిన దారిని ఎవరూ మూయలేదు, దాని పాస్‌వర్డ్ ఆసుపత్రి పేరు పక్కన 123. తాళం తలుపుకే వదిలి ఊరికి వెళ్లినట్టు.

"బ్యాకప్ ఉంది కదా" అన్నారు మేనేజర్ ధైర్యంగా. నిజమే, ఉంది. సర్వర్ వెనకాల బయటి హార్డ్ డిస్కు ఒకటి, రోజూ రాత్రి పదకొండింటికి దానంతట అదే నకలు తీసుకునేది. ఎవరో ఊడబీకకుండా దాని మీద తెల్ల కాగితం అంటించి నీలం స్కెచ్ పెన్నుతో "తీయరాదు" అని రాశారు. ఆ మాట అందరూ పాటించారు. రెండేళ్లుగా ఎవరూ తీయలేదు. సర్వర్‌ను పట్టిన పీడ ఆ తీగ మీదుగా నడిచి వెళ్లి ఆ డిస్కునూ పట్టింది.

చివరికి కాపాడింది ల్యాబ్ ఇన్‌చార్జి. ఆయన తన సొంత లెక్కల కోసం ఇరవై రెండు రోజుల ముందు ఒక పెన్ డ్రైవ్‌లో డేటా ఎక్కించుకున్నారు. నిజానికి అది తప్పు, రోగుల వివరాలు అలా ఇంటికి తీసుకెళ్లకూడదు. ఆ రోజు ఆ తప్పుకే అందరం దండం పెట్టాం. మిగిలిన ఇరవై రెండు రోజుల బిల్లులను కాగితాల నుంచి తిరిగి ఎక్కించడానికి ఇద్దరు మనుషులకు నెల పట్టింది. కేస్ షీట్లు కాగితం మీదే ఉండటం వల్ల వార్డులో వైద్యం మాత్రం ఆగలేదు.

చిన్నవాళ్లం కాబట్టే ఇలా జరిగిందనుకోవద్దు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఇలాంటి దాడికే గురై, దాదాపు రెండు వారాల పాటు ఓపీ, ల్యాబ్ పనులు చేతిరాతతో నడిచాయి. 2017 మేలో, ఇలాగే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై అనే వైరస్ దెబ్బకు బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. అది చొరబడిన విండోస్ లోపాన్ని సరిచేసే నవీకరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసింది. వేసుకోని యంత్రాలు ఎన్నో మిగిలిపోయాయి.

కాగితం చాలిన చోట

ఒక్క డాక్టరు, పడకలు లేవు, రోజుకు ముప్పై నలభై మంది ఓపీ. మీరు ఈ రెండు కొటేషన్లనూ పక్కన పెట్టవచ్చు. మంచి ప్రిస్క్రిప్షన్ ప్యాడ్, వరుస నంబర్లున్న రిజిస్టరు, లెక్కలకు ఒక కంప్యూటరు చాలు. రోగుల రికార్డులను డిజిటల్‌గా అనుసంధానించే కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో చేరాలనిపించిన రోజున, ఆ మిషన్ ఆమోదం ఉన్న చిన్న క్లౌడ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకుంటే సరిపోతుంది. పడకలు, ఫార్మసీ, ల్యాబ్, ఇన్సూరెన్స్ అన్నీ కలిసిన చోటే అసలు ప్రశ్న మొదలవుతుంది.

సొంత సర్వర్

సర్వర్ పాడిగేదె లాంటిది. కొనడంతో అయిపోదు, రోజూ చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషి మీ దగ్గర ఉంటే సొంత సర్వర్ మంచి ఎంపికే. బయటి ఇంటర్నెట్ పోయినా లోపల బిల్లులు, ల్యాబ్ రిపోర్టులు నడుస్తాయి. ఎక్స్‌రే, సీటీ బొమ్మలు క్షణంలో తెరుచుకుంటాయి. డేటా ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు.

అయితే "ఇంటర్నెట్ అక్కర్లేదు" అన్న మాటను నేను సగమే నమ్ముతాను. ఆరోగ్యశ్రీ ప్యానెల్‌లో ఉన్న ఆసుపత్రి ముందస్తు అనుమతి కోసం ఎలాగూ ఆన్‌లైన్‌కు వెళ్లాలి. ఇన్సూరెన్స్ క్లెయిములు, యూపీఐ చెల్లింపులు, వాట్సాప్‌లో రిపోర్టులు అన్నీ ఇంటర్నెట్ మీదే. ఆ పనులు చేసే కంప్యూటరూ మీ సర్వరూ ఒకే నెట్‌వర్కులో ఉంటాయి. కాబట్టి సర్వర్ లోపలే ఉంది, బయటివాళ్లు రాలేరు అన్నది ఉత్త భ్రమ.

ఇక మన ఊరి సంగతి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం పడింది. అదే వానకు హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగాయి. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చినప్పుడు మళ్లీ అదే దృశ్యం. హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు వాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. అయినా సర్వర్‌ను సెల్లార్‌లో, మెట్ల కింద, బిల్లింగ్ టేబుల్ కింద చెప్పుల పక్కన పెట్టిన ఆసుపత్రులు నాకు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. పై అంతస్తులో, తాళం పడే గదిలో, నేలకు మూడడుగుల ఎత్తున పెట్టండి. ఇంట్లో ఫ్యాన్లకు వాడే ఇన్వర్టర్ మీద దాన్ని నడపకండి. కరెంటు పోయినా వోల్టేజీ ఊగినా ఒక్క క్షణం కూడా సరఫరా తెగని ఆన్‌లైన్ యూపీఎస్ కావాలి. కొటేషన్‌లో అది ఉందో లేదో చూడండి, తరచు ఉండదు.

క్లౌడ్

క్లౌడ్ అంటే అద్దె ఇల్లు. గోడ పగిలితే ఓనరు చూసుకుంటాడు, మీరు అద్దె కట్టుకుంటూ ఉంటే చాలు. వరద వచ్చినా మీ డేటా తడవదు. నవీకరణలు వాళ్లే వేస్తారు. ఐటీ మనిషి లేని ఇరవై పడకల ఆసుపత్రికి ఇది చిన్న ఊరట కాదు. నిజం చెప్పాలంటే, సర్వర్ ఉన్న చాలా నర్సింగ్ హోమ్‌లలో దాన్ని చూసుకునే మనిషి అంటూ ఎవరూ లేరు. ఏదైనా చెడితే ఫార్మసీ కుర్రాడే నాకు ఫోన్ చేస్తాడు. అలాంటి చోట క్లౌడే భద్రం అని నేను మొహమాటం లేకుండా చెబుతాను.

ఇంటర్నెట్ పోతే? రెండు లైన్లు పెట్టండి. ఒకటి ఫైబర్, రెండోది వేరే కంపెనీ సిమ్‌తో నడిచే 4జీ లేదా 5జీ రూటర్. ఒకటి పోగానే రెండోదానికి దానంతట అదే మారే రూటర్ కొనండి. రెండూ ఫైబరే తీసుకుంటే, రోడ్డు తవ్విన రోజున రెండూ ఒకే గుంతలో తెగుతాయి. ఇది చూసి చెబుతున్నాను.

అద్దె ఇంట్లో అసలు చిక్కు ఖాళీ చేసేటప్పుడు వస్తుంది. క్లౌడ్ కంపెనీని మార్చాలనుకున్న ఒక స్కానింగ్ సెంటరుకు నాలుగేళ్ల రిపోర్టులు చేతికి వచ్చాయి, కానీ ఎలా? ఒక్కో రిపోర్టు ఒక్కో పీడీఎఫ్, ఫైలు పేర్లన్నీ అంకెలు. రోగి పేరుతో వెతకడానికి వీల్లేదు. చట్టప్రకారం డేటా ఇచ్చేశారు, ఆచరణలో దాన్ని పారేసినట్టే. కాబట్టి సంతకానికి ముందే రాతపూర్వకంగా అడగాల్సినవి ఉన్నాయి. ఒప్పందం ముగిస్తే రోగి పేరు, నంబరు, తేదీతో సహా పట్టిక రూపంలో డేటా ఇస్తారా, ఎన్ని రోజుల్లో, ఎంత రుసుముకు? ఇచ్చాక మీ దగ్గరున్న ప్రతిని చెరిపేస్తారా? చందా ఒక నెల ఆలస్యమైతే తెర మూసేస్తారా, చదవడానికైనా ఉంచుతారా? సర్వర్లు భారతదేశంలోనే ఉన్నాయా? మీ సిబ్బందిలో ఎవరెవరు మా రోగుల వివరాలు చూడగలరు, చూస్తే ఆ జాడ నమోదవుతుందా? వీటికి సేల్స్ కుర్రాడు "అదంతా ఉంటుంది సార్" అంటే లేనట్టే లెక్క. ఒప్పందంలో వాక్యంగా కనిపించాలి.

ఈ ప్రశ్నల వెనక చట్టం ఉంది. 2002 వైద్య నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. పోలీసులు, కోర్టులతో ముడిపడే మెడికో-లీగల్ కేసులైతే ఆ మూడేళ్లతో ఆగకండి. చందా తగవులో తెర మూసి ఉన్నప్పుడు రోగి కొడుకు వచ్చి కేస్ షీటు నకలు అడిగితే, అతనికి జవాబు చెప్పాల్సింది మీరు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ ఇదే అంటుంది: డేటాను బయటి కంపెనీ చేత నడిపించినా బాధ్యత ఆసుపత్రిదే. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు వెళ్లవచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు పాటించడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. యాభై పడకల ఆసుపత్రికి 250 కోట్లు వేస్తారని నేను అనను, కానీ "మా వెండర్‌ను అడగండి" అన్న జవాబు ఇక చెల్లదు.

డబ్బు లెక్క

క్లౌడ్ ఖరీదని కొందరు, సర్వర్ ఖరీదని కొందరు వాదిస్తారు. ఐదేళ్లకు లెక్క వేస్తే తప్ప తేలదు. ఉదాహరణకు కొన్ని అంకెలు పెట్టి చూపిస్తాను, మీ కొటేషన్‌లోని అంకెలు మీరు పెట్టుకోండి. సర్వర్, యూపీఎస్ కలిపి 1,80,000. సాఫ్ట్‌వేర్ లైసెన్సు 1,50,000. మొదటి ఏడాది వదిలేసి నాలుగేళ్ల ఏఎంసీ (వార్షిక నిర్వహణ రుసుము), ఏటా 27,000 చొప్పున 1,08,000. బ్యాకప్ డిస్కులు, బ్యాటరీ మార్పిడి 40,000. మొత్తం 4,78,000. అటువైపు నెలకు 7,000 చొప్పున అరవై నెలల చందా 4,20,000. రెండో ఇంటర్నెట్ లైను నెలకు 800 చొప్పున 48,000. మొత్తం 4,68,000. తేడా పదివేలు. చాలాసార్లు ఇలాగే దగ్గరదగ్గరగా వస్తుంది, కాబట్టి ధరను బట్టి తేల్చుకోవాలనుకునే వాళ్లకు నిరాశే. ఇంకో మాట: వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, మీరు కట్టిన జీఎస్టీని చాలావరకు వెనక్కి రాబట్టుకోలేరు. కొటేషన్ కింద చిన్న అక్షరాలతో "జీఎస్టీ అదనం" అని ఉంటే దాన్ని అసలు ధరలోనే కలిపి చూడండి.

మధ్య దారి

ఎక్స్‌రే, సీటీ ఉన్న చోట నేను చెప్పేది మధ్య దారి. రిజిస్ట్రేషన్, బిల్లులు, ఫార్మసీ, ల్యాబ్ రిపోర్టులు క్లౌడ్‌లో. బొమ్మలు మాత్రం ఆసుపత్రిలోని నిల్వ పెట్టెలో. కారణం మామూలు లెక్కే. ఒక డిజిటల్ ఎక్స్‌రే 20 మెగాబైట్లు అనుకుంటే, సెకనుకు 10 మెగాబిట్లు పైకి పంపే లైను మీద పదహారు సెకన్లు. 500 మెగాబైట్ల సీటీ అయితే దాదాపు ఏడు నిమిషాలు, అదీ లైనులో ఇంకెవరూ లేకపోతే. తల దెబ్బతో వచ్చిన మనిషి టేబుల్ మీద ఉన్నప్పుడు ఏడు నిమిషాలు చాలా ఎక్కువ. బొమ్మ లోపలే తెరవండి, ప్రతిని రాత్రిపూట నిదానంగా క్లౌడ్‌కు పంపండి. ఈ దారిలో ఇబ్బంది ఒక్కటే: ఏదైనా చెడితే సాఫ్ట్‌వేర్ వాడు స్కానర్ వాడిని, స్కానర్ వాడు సాఫ్ట్‌వేర్ వాడిని చూపిస్తాడు. ఇద్దరినీ ఒకే రోజు పిలిపించి, ఒకరి ఎదుట ఒకరి చేత ఒప్పించుకోండి.

ముందు దేనికి ఖర్చు

ఏ దారి ఎంచుకున్నా భద్రతకు ఉన్న డబ్బు తక్కువే. మొదటి రూపాయి బ్యాకప్‌కు వెళ్లాలి. మూడు ప్రతులు, రెండు రకాల చోట్ల, ఒకటి ఆసుపత్రి బయట అనేది పాత సూత్రం, ఇంతకంటే మంచిది నాకు తెలియదు. చిన్న ఆసుపత్రిలో ఇది రెండు బయటి డిస్కులతో అవుతుంది: ఒకటి సోమ, బుధ, శుక్రవారాలకు, రెండోది మంగళ, గురు, శనివారాలకు. నకలు కాగానే ఊడదీయాలి. ఒకటి ఎప్పుడూ మీ ఇంటి బీరువాలో ఉండాలి. స్కూటర్ డిక్కీలో ప్రయాణించే డిస్కు కాబట్టి పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోని విధంగా గుప్తీకరించాలి. రెండు డిస్కుల మీద ఒకేసారి రాసే రైడ్ ఏర్పాటును బ్యాకప్ అని అమ్ముతుంటారు. అది డిస్కు చెడిపోవడం నుంచి కాపాడుతుంది. ఫైలు చెడితే మాత్రం రెండింటిలోనూ ఒకేసారి చెడుతుంది. క్లౌడ్ తీసుకున్న వాళ్లూ వారానికోసారి సొంత నకలు దింపుకోండి.

మూడు నెలలకోసారి ఏదో ఒక పాత రోగి నంబరు చెప్పి, ఆ రికార్డును బ్యాకప్ నుంచి తెరిచి చూపించమనండి. తెరవని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

తర్వాత పాస్‌వర్డులు. ఒక ఆసుపత్రిలో ముగ్గురు సిస్టర్లు, ఇద్దరు డ్యూటీ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు అందరూ "అడ్మిన్" పేరుతోనే లోపలికి వెళతారు. పాస్‌వర్డు మానిటర్ అంచున పసుపు కాగితం మీద ఉంటుంది, పక్కనే వేంకటేశ్వరస్వామి బొమ్మ. స్వామి మీద నాకు నమ్మకం ఉంది, ఆ కాగితం మీద లేదు. బిల్లులో రాయితీ ఎవరిచ్చారో, రిపోర్టు ఎవరు మార్చారో ఆ ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేరు. ఎవరికి వారికి వేరే లాగిన్, ఉద్యోగం మానేసిన రోజే దాని మూసివేత, ఈమెయిలుకూ క్లౌడ్‌కూ ఓటీపీ లాంటి రెండో తాళం. దీనికి పైసా ఖర్చు లేదు, కాస్త కఠినంగా ఉండాలి అంతే.

పాత విండోస్ సంగతి తర్వాతిది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కౌంటర్ కంప్యూటర్లను మార్చవచ్చు. స్కానింగ్ యంత్రంతో వచ్చిన కంప్యూటర్‌ను మాత్రం తయారీదారు ముట్టుకోనివ్వడు, ఇంకా విండోస్ 7 మీద నడిచేవి ఉన్నాయి. వాటిని మిగతా నెట్‌వర్కు నుంచి వేరుచేసి, బొమ్మలు నిల్వ చేసే పెట్టెతో మాత్రమే మాట్లాడేలా పెట్టించండి. రోగుల బంధువులకు ఇచ్చే వైఫై కూడా పూర్తిగా వేరే ఉండాలి.

వాట్సాప్‌లో రిపోర్టులు పంపవద్దని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. పల్లెల నుంచి వచ్చిన రోగికి మళ్లీ బస్సెక్కి రిపోర్టు కోసం రమ్మనడం కూడా న్యాయం కాదు. కనీసం ల్యాబ్ టెక్నీషియన్ సొంత ఫోను నుంచి కాకుండా ల్యాబ్ ఫోను నుంచి, రోగి ఇచ్చిన నంబరుకే పంపండి. ఊరి ఆర్‌ఎంపీకి పంపాలంటే రోగిని అడిగి పంపండి.

యాంటీవైరస్ అన్ని కంప్యూటర్లకూ ఉండాలి, దాని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. బయటి నుంచి చొరబడేవాళ్లను నెట్‌వర్కు గుమ్మం దగ్గరే ఆపే పెద్ద ఫైర్‌వాల్ పెట్టె అన్నిటికంటే చివర. పై పనులేవీ చేయకుండా లక్ష రూపాయల ఫైర్‌వాల్ బిగించిన చోట దాన్ని చూసి వచ్చాను, కింద మానిటర్‌కు పసుపు కాగితం అలాగే ఉంది.

దాడి జరిగితే ఆ కంప్యూటర్ నెట్‌వర్కు తీగ పీకేయండి, ఫార్మాట్ చేయించకండి, ఆధారాలు పోతాయి. సైబర్ దాడులను చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశం ప్రకారం, దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లో ఆ సంస్థకు సమాచారమివ్వాలి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఈ రెండు మాటలూ కౌంటర్ వెనక గోడ మీద రాసి ఉండాలి, ఎందుకంటే అవి కంప్యూటర్‌లో ఉంటే ఆ రోజు తెరుచుకోవు.

హనుమకొండ డాక్టరుగారు మధ్య దారికే మొగ్గారు. కొటేషన్ల కంటే ముందు ఆయన చేత రెండు బిల్లు పుస్తకాలు, ఒక ఎర్ర బైండింగు లాంగ్ నోట్‌బుక్ కొనిపించాను. ఒక ఆదివారం పొద్దున రోగులు తక్కువగా ఉన్నప్పుడు గంటసేపు కంప్యూటర్లన్నీ ఆపేశాం. కౌంటర్ అమ్మాయి మొదటి రోగికి "చే-1" అని నంబరు వేసి రాయడం మొదలుపెట్టింది. పావుగంటలో తేలిన విషయం: స్కానింగ్ ధరల పట్టిక కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఇప్పుడు దాన్ని అచ్చు వేసి నోట్‌బుక్ అట్ట లోపల అంటించారు. క్లౌడ్ ఒప్పందం మీద మాత్రం ఇంకా సంతకం కాలేదు. డేటా తిరిగి ఏ రూపంలో ఇస్తారని అడిగిన ఉత్తరానికి కంపెనీ నుంచి జవాబు రావాలి.